కందులు ఆపమన్నది నేనే

ఎనిమిదో తరగతితో నా బడి చదువు అయిపోయింది. ఆ తర్వాత చదివిందంతా నారాయణఖేడ్ గ్రంథాలయంలోనే. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరుగుతుందని నా భార్య అంటుంది. నిజమే కావచ్చు. మా నాన్న నాకు పిండిగిర్ని ఇచ్చి పోయాడు. మిగతాదంతా ఆ చెక్కబల్ల దగ్గర కూర్చుని నేను సంపాదించుకున్నదే అని నా నమ్మకం.

పగలు నాలుగైదు గంటలు కరెంటు ఉండని కాలంలో ఈ అలవాటు మొదలైంది. గిర్ని ఆగిపోతే అందరిలా సంచుల మీద నడుం వాల్చకుండా రోడ్డు దాటి వెళ్ళి కూర్చునేవాణ్ని. ఇప్పుడు కరెంటు అట్లా పోవడం లేదు. అయినా మధ్యాహ్నం గిరాకీ తగ్గగానే షట్టరు సగం దించి వెళ్తాను. పంపు దగ్గర చేతులు కడుక్కున్నాకే లోపలికి అడుగు పెడతాను. ఒకసారి పుస్తకాల అంచుల మీద నా వేళ్ళ గుర్తులు తెల్లగా పడి లైబ్రేరియన్ చేత మాట పడ్డాను.

ఇంట్లో మేం మాట్లాడేది దక్కనీ ఉర్దూ. చదవడం మాత్రం నాకు తెలుగులోనే వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను. గ్రంథాలయంలో ఎక్కువమంది ఉద్యోగాల పరీక్షలకు తయారయ్యే పిల్లలే. వాళ్ళు చదివేది ఒక కాగితం ముక్క కోసం, నేను చదివేది నాకోసం అని లోపల్లోపల అనుకునేవాణ్ని. ఒక కుర్రాడు ఓ రోజు నా చేతిలోని పుస్తకం తిప్పి చూసి, "గిది సిలబస్‌ల లేదు కాకా. ఉట్టిగ కండ్లు పోగొట్టుకుంటున్నవ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ పుస్తకాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

అది ప్రపంచీకరణ గురించిన పుస్తకం. డిగ్రీ పిల్లల కోసం రాసింది. అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు, అందుకే రాసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. పదిహేడో పేజీ ఒక వాక్యం మధ్యలో మొదలవుతుంది. దాన్ని చదవడానికి నాకు ఒక వానాకాలం, ఒక చలికాలం పట్టింది. ఒక చొక్కాకు పత్తి ఒక దేశంలో పండుతుందని, నూలు ఇంకో దేశంలో తీస్తారని, కుట్టేది మరో దేశంలోనని, చివరికి దాన్ని తొడుక్కునే మనిషికి ఈ ముగ్గురిలో ఎవరూ తెలియరని అందులో ఉంది. అది చదివిన రోజు నేను ఇంటికి పోయి మా వంటగదిలో నూనె డబ్బా మీద అక్షరాలు చదివాను. ఆ నూనె ఇచ్చే చెట్లు ఎక్కడో సముద్రం మధ్య దీవుల్లో ఉన్నాయి. గిర్నిలో మోటారు లోపలి రాగితీగ ఎక్కడిదో, నా భార్య చేతి ఫోను ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో ఆలోచిస్తుంటే మా గల్లీ ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. కంగ్టి వైపు నుంచి, మనూర్ వైపు నుంచి పిండి పట్టించుకోను వచ్చినవాళ్ళకు ఇవన్నీ చెప్పేవాణ్ని. రాయి తిరిగే చప్పుడులో సగం మాటలు వాళ్ళకు వినపడేవి కావు. అయినా తల ఊపేవారు.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఆ పుస్తకంలో సుంకాల మీద ఒక అధ్యాయం ఉంది. పేజీ నిండా పట్టికలు, అంకెలు. దాన్ని నేను దాటేశాను. తర్వాత చదువుదామనుకున్నాను. మొత్తం పుస్తకం చదివానని మాత్రం అందరికీ చెప్పాను.

నా మాటలు తల ఊపి వదిలేయకుండా విన్న మనిషి ఒకామె ఉంది. కంగ్టి దాటి ఇంకా లోపల, కర్ణాటక పొలిమేరకు దగ్గరగా వాళ్ళ ఊరు. ఆమెను నేను అక్కా అంటాను, ఆమె నన్ను భాయ్ అంటుంది. వాళ్ళ తాతల కాలంలోనే మెథడిస్టు మిషన్ వాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. మూడెకరాల వాన భూమి, మొగుడు, ఆమె. జొన్నలు పట్టించుకోను మా గిర్నికే వస్తుంది. సంచి తూకం వేసేటప్పుడు కాటా ముల్లు మీద నుంచి చూపు తిప్పదు. మా నాన్న ఉన్నప్పుడు కూడా అట్లాగే చూసేదట.

ప్రతి ఏడూ కందులు ఇంటికి రాగానే వాటిని ధాన్యం కొనే సేటుకు వేసి, మొగుడూ పెళ్ళాం పట్నం పోయేవారు. హైదరాబాద్‌లో కట్టే బిల్డింగుల దగ్గర పని. వానలు మొదలయ్యేదాకా అక్కడే, రేకుల గుడిసెలో. నేను చెప్పబోయే ఏడాదికి ముందటేడు అక్కడ మూడో అంతస్తు దగ్గర కట్టిన పలక విరిగి ఆమె మొగుడు పడ్డాడు. ఇసుక కుప్ప మీద పడ్డాడు కాబట్టి బతికాడు. భుజం ఎముక విరిగింది. దవాఖానాలో కట్టు కట్టారు గానీ ఆ చెయ్యి చెవి దాకా కూడా లేవదు. మళ్ళీ పోతే పైకి మోసేదంతా ఆమే మోయాలి, లేదంటే అదే చెయ్యితో అతను మళ్ళీ పలక ఎక్కాలి. కాబట్టి ఆ ఏడు పట్నం పోవద్దని ఆమె గట్టిగా అనుకుంది. కంది పంట బాగా వచ్చింది. పూత మీద మంచు పడలేదు, పురుగు తక్కువ. పన్నెండు బస్తాలు అయ్యాయి. అవి మంచి ధరకు పోతే వానలదాకా ఊళ్ళోనే గడుస్తుంది, విత్తనాలకు కూడా మిగులుతుంది. ఆమెకు కావలసింది అంతే.

కల్లం అయిన వారం రోజులకు ఇద్దరూ గిర్నికి వచ్చారు. అప్పుడు సేటు చెప్పిన ధర మరీ తక్కువేం కాదు. సర్కారు కొనుగోలు కేంద్రం కూడా తెరిచారు. ఎక్కడ వేద్దామా అని మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు నన్ను అడగలేదు. నేనే రాయి ఆపి, చేతులు దులుపుకుని వచ్చి చెప్పాను. మన దేశంలో పండే కందిపప్పు మన జనానికి చాలదు, ఇది పుస్తకంలో ఉంది. ఈసారి ఉత్తరం వైపు జిల్లాల్లో వానలు సరిగా పడలేదు, ఇది పేపర్లో ఉంది. చాలని సరుకు ధర పెరగక ఏమవుతుంది. ఉగాది దాకా ఆపండి అన్నాను.

ఆమె మొగుడు తల గోక్కున్నాడు. ఆమె నా ముఖం వైపు చూసింది, కాటా ముల్లును చూసినట్టు.

"భాయ్, ఇది నువ్వు చెప్తున్నవా, నీ కితాబు చెప్తుందా?"

"రెండూ ఒక్కటే అక్కా" అన్నాను.

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఎవరూ నన్ను అట్లా అడగలేదు అంతకుముందు. నేను చదివింది ఒకరి ఇంటికి పనికి వస్తోందన్న సంతోషంలో ఉన్నాను.

కందులు ఆపాలంటే పురుగు పట్టకుండా చూడాలి. మా వైపు దానికి ఒకటే పద్ధతి. ఎర్రమట్టిని నీళ్ళలో కలిపి చిక్కగా చేసి, కందులకు పట్టించి, కుప్పగా పోసి ఒక పూట మగ్గనిచ్చి, తర్వాత ఎండలో పలచగా ఆరబోస్తారు. మట్టి పొరలోంచి పురుగు తొలవదు. పైగా విసిరినప్పుడు పొట్టు సులువుగా ఊడుతుంది, పప్పు రుచిగా ఉంటుంది. ప్రతి ఇంట్లో తిండికోసం ఉంచుకునే ఒక బస్తాకో, సగం బస్తాకో ఇట్లా చేస్తారు. అమ్మేవాటికి ఎవరూ చెయ్యరు. ఎందుకంటే అమ్మేవి కల్లం నుంచి నేరుగా బండి ఎక్కుతాయి, అవి నెలల తరబడి ఇంట్లో ఉండటమనేదే లేదు. ఈసారి ఉండాలి. ఎట్లా ఉంచాలో వాళ్ళకు తెలిసిన విధం అదొక్కటే.

ఒక ఆదివారం వాళ్ళ ప్రార్థన అయ్యాక నేను మోటారుసైకిలు మీద ఆ ఊరు పోయాను. ఇంటి ముందు పరదాలు పరిచి పన్నెండు బస్తాల కందులూ ఆరబోసి ఉన్నాయి. వాకిలంతా ఎర్రగా ఉంది. ఆమె మోకాళ్ళ దాకా మట్టితో, చెయ్యి లేవని మొగుడు కాళ్ళతోనే కందులు తిప్పుతూ ఉన్నారు. పక్కింటి ముసలామె గడపలో కూర్చుని, ఇంత పప్పు ఏ పెండ్లికే అని వెక్కిరిస్తోంది. అక్క ఆమెకు జవాబు చెప్పకుండా నన్ను చూపించి, గీయన చెప్పిండు, పెరుగుతదట అంది. ముసలామె నన్ను కింది నుంచి మీది దాకా చూసి, గిర్ని ఆయననా అంది.

నేను ఆ ఎర్రటి వాకిలి చూసి ముచ్చటపడ్డాను. అమ్మే సరుకుకు మట్టి పట్టించారేమిటి అన్న ఆలోచన నాకు రాలేదు. నేను రోజూ పప్పు మిషన్ మీద ఇట్లాంటి కందులే పోస్తాను. నా కంటికి కందులంటే ఎర్రగానే ఉండాలి.

తర్వాత ఒక నెల ధర అట్లాగే ఉంది. ఇంకో పదిహేను రోజులకు దిగడం మొదలైంది. మొదట పట్టించుకోలేదు. తర్వాత ఒక వారంలో గబగబా దిగింది. నేను గ్రంథాలయంలో పాత పేపర్ల కట్ట దించి వెనక్కి చదివాను. లోపలి పేజీలో ఒక మూల చిన్న వార్త ఉంది. బయటి దేశాల నుంచి కందులు సుంకం లేకుండా తెచ్చుకునే గడువును పొడిగించారని. అది వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. విదేశాల వార్తల పేజీ మొత్తం చదివాను, యుద్ధాలు, ఎన్నికలు అన్నీ. వ్యాపారం పేజీ తిప్పలేదు. అది సేట్లు చదివే పేజీ అని నా అభిప్రాయం.

ఆ సాయంత్రమే పుస్తకం తీసి, దాటేసిన అధ్యాయం చదివాను. నాకు అర్థం కానిదేమీ లేదు అందులో. ఇక్కడ చాలని సరుకు ధర పెరుగుతుందన్నది సగం మాటే. మిగతా సగం అక్కడ ఉంది. చాలనిది బయట నుంచి వస్తుంది, ఎంత రావాలి, ఎప్పుడు రావాలి, గేటు తెరవాలా మూయాలా అన్నది నిర్ణయించేవాళ్ళు వేరే ఊళ్ళో ఉంటారు. బియ్యం, పప్పు కొనుక్కుని తినేవాళ్ళు కోట్ల మంది ఉన్నారు, ధర పెరిగితే వాళ్ళు అరుస్తారు, వాళ్ళ అరుపు వినబడుతుంది. ఇందులో తప్పేం లేదు, పప్పు కొనుక్కునేవాళ్ళలో నేనూ ఉన్నాను. కంగ్టి అవతల ఒక వాకిట్లో పన్నెండు బస్తాలు ఉన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా రాదు. పట్టికల్లో ఇదంతా పాత సంవత్సరాల అంకెలతో వరుసగా ఉంది. గేటు తెరిచిన ప్రతిసారీ ఇక్కడ ఏమైందో వేలు పెట్టి చదువుకోవచ్చు. నేను చదువుకోలేదు.

ఇంట్లో చెప్పాను. నా భార్య రొట్టె కాలుస్తూ విన్నది. "కైకు బోలే ఉనొంకు?" అంది. వాళ్ళకెందుకు చెప్పావు అని. ఆమెకు కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఇంకా కొనుగోలు కేంద్రం మిగిలి ఉంది. అక్కడ సర్కారు ధర దిగదు. ట్రాలీ ఆటోలో బస్తాలు వేసుకుని ఇద్దరూ వచ్చారు, నేనూ వెంట పోయాను. అక్కడున్న అబ్బాయి మొదటి బస్తా మూతి విప్పి చెయ్యి లోపలికి పెట్టి తీశాడు. అరచెయ్యి ఎర్రగా ఉంది. ఆ చెయ్యిని కాసేపు చూసుకున్నాడు, ఏం చెప్పాలో తెలియనట్టు. మర్యాదగల పిల్లవాడు.

"అమ్మా, గివి తినెటానికి మంచిగనే ఉంటయ్. మా ఇంట్ల గుడ గిట్లనే చేస్తరు. మా రూలుకు పనికిరావు" అన్నాడు.

మట్టి, రాళ్ళు, పొల్లు ఎంత ఉండొచ్చో వాళ్ళకు ఒక కొలత ఉంది. ఇవి ఆ కొలత దగ్గరికి కూడా రావు. శుభ్రం చేసి తెస్తే చూస్తానన్నాడు. అక్క మొగుడు బస్తా మూతి మళ్ళీ ఒంటి చేత్తో, పళ్ళతో పురికొస పట్టుకుని కట్టుకున్నాడు.

మా గిర్నిలో జల్లెడ పట్టి చూశాం. పైపొడి రాలింది, పొర రాలలేదు. రెండు బస్తాలు మా పెరట్లో పంపు కింద కడిగాం. ముందే ఒకసారి తడిసి ఎండిన గింజ అది. రెండోసారి నీళ్ళు తగలగానే పొట్టు వదిలింది. ఎండలో పోస్తే సగం గింజలు చిట్లాయి. మిగతావి ముడతలు పడ్డాయి. నా భార్య, అక్క ఇద్దరూ చాటలతో కూర్చుని మంచివి ఏరుతూ ఉండగా సాయంత్రమైంది. ఏరింది ఒక గంపెడు. ఆ మర్నాడు కేంద్రం దగ్గరికి పోయి అడిగితే, కొనాల్సినంత కొన్నామని, రెండు రోజుల్లో మూసేస్తామని చెప్పారు.

పప్పు చేసి అమ్ముదామని నేనే అన్నాను. పిండిరాయి పక్కన నాకు చిన్న పప్పు మిషన్ ఉంది. పట్టినందుకు ఏమీ తీసుకోనన్నాను. ఆమె ఒప్పుకోలేదు, పొట్టు, నూక నువ్వు ఉంచుకో అంది. నాలుగు బస్తాలు పట్టాను. నిజంగా మంచి పప్పు. అంగడి రోజు ఆమె గుడ్డ పరిచి కూర్చుంది. ముసలివాళ్ళు ఒకరిద్దరు చిటికెడు నోట్లో వేసుకుని, ఎర్రమట్టి పప్పు అని గుర్తుపట్టి, కొంగులో కట్టుకుని పోయారు. తక్కినవాళ్ళు చూసి ముందుకు పోయారు. ఒక చిన్న వయసు కోడలు చేతిలోకి తీసుకుని, గీ పప్పు మెరుస్తలేదేంది, పాతదా అని అడిగింది. పాతది కాదు, ఈ ఏడే కల్లం చేసిందని అక్క చెప్పింది. ఆ పిల్ల నమ్మలేదు. ఎదురుగా కిరాణా కొట్టులో పసుపుపచ్చగా మెరిసే పప్పు ఉంది, ఇంతకన్నా తక్కువకు.

ఇగ మిగతా ఆరు బస్తాలు సేటుకే వెయ్యడం తప్ప దారి లేకపోయింది. సేటు కూడా మట్టి కందులని ఇంకొంత తగ్గించాడు. ఆయన గోదాము ముందు తూకం వేస్తున్నప్పుడు లోపల తెల్లటి ప్లాస్టిక్ సంచుల దొంతి కనిపించింది. పక్కల మీద నీలం రంగు ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. మొజాంబిక్ అని ఉంది.

ఆ పేరు నాకు తెలుసు. గ్రంథాలయంలో అట్లాసు ఉంది. ఆఫ్రికా తూర్పు అంచున, పొడుగ్గా, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. ఒకప్పుడైతే ఆ పేరు చదవగలిగినందుకే నాకు ఆ రోజంతా సంతోషంగా ఉండేది.

అక్క నేను దేనికేసి చూస్తున్నానో చూసి, అదేంది అని అడిగింది. చెప్పాను. ఆ దేశం ఎక్కడుందో, ఓడ ఎట్లా వస్తుందో చెప్పాను. అక్కడా మనలాగే చిన్న చిన్న చెలకల్లో పండిస్తారని చదివానన్నాను. ఆమె పోయి సంచి మీద చెయ్యి పెట్టింది, లోపల గింజ తగిలేటట్టు నొక్కి చూసింది. సేటు మనిషి ఏమైనా అంటాడేమోనని నాకు భయం వేసింది. అతను తూకం రాసుకుంటూ ఉన్నాడు.

"మనకంటె ఆళ్ళకన్న మంచి రేటు వచ్చిందా భాయ్?" అంది.

నాకు తెలియదన్నాను.

"నీ కితాబుల లేదా గది?"

లేదన్నాను. ఎన్ని టన్నులు వచ్చాయో ఉంది, ఏ రేవుకు వచ్చాయో ఉంది. అడిగిన తీరులో వెక్కిరింపు ఉందేమోనని ఆమె ముఖం చూశాను. లేదు. మనం పోగొట్టుకున్నది ఆ తట్టు ఇంకో ఆడమనిషికైనా చేరిందా అని ఆమె నిజంగానే తెలుసుకోవాలనుకుంది. చేరిందని చెబితే కొంచెం ఊరటపడేదేమో. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది గానీ చెప్పలేదు. అప్పటికే ఒకసారి తెలియనిది తెలిసినట్టు చెప్పి ఉన్నాను.

వారం తిరక్కముందే వాళ్ళు పట్నం బస్సు ఎక్కారు. గిన్నెల మూట, దుప్పట్ల మూట, జొన్నపిండి సంచి. పిండి నేనే పట్టి తెచ్చిచ్చాను. బస్టాండులో ఆమె మొగుడు నాతో మామూలుగానే మాట్లాడాడు. ఒక బిల్డింగు దగ్గర వాచ్‌మన్ పని దొరుకుతుందని, చెయ్యితో పని లేదని, కూర్చునుడే అని అన్నాడు. మరి అక్క అని అడిగాను. ఆమె మోస్తదన్నాడు. ఆ తర్వాత ఇద్దరం బస్సు బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాం. ఆమె కిటికీ పక్కన కూర్చుని, నువ్వేం దిల్‌ల పెట్టుకోకు భాయ్, నేను ఇనకుంటే అయిపోతుండె గదా అంది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ సీటులో కూర్చోవద్దనే కదా ఆ ఏడంతా కష్టపడింది.

చాలా రోజులు నేను గ్రంథాలయానికి పోలేదు. ఎనిమిదో తరగతి మనిషి ఎనిమిదో తరగతి పని చూసుకుంటే ఎవరికీ నష్టం లేదనుకున్నాను. గిర్నిలో కూడా ఊరుకున్నాను. ఏంది భాయ్, ముచ్చట్లు బందు చేసినవా అని గిరాకీలు ఎకసెక్కాలాడారు. చదవడం మానేస్తే మనశ్శాంతిగా ఉంటుందనుకున్నాను గానీ ఉండలేదు. ధర ఎందుకు దిగిందో మాకు తెలియకపోయినా ఆమె బస్సు ఎక్కేదే. అంతకుముందు ఏళ్ళలో అట్లానే జరిగింది. ఒక ఏడు పురుగు అనుకున్నారు, ఒక ఏడు సేటు అనుకున్నారు, ఒక ఏడు తమ నొసటిరాత అనుకున్నారు. ఆ ఊళ్ళో ఇప్పటికీ చాలామంది ఆ వాకిలి ఎర్రగా కావడమే కారణమనుకుంటారు, లేదా నేను కారణమనుకుంటారు. నేను కారణమన్నది నిజమే. కానీ నాతోనే అయిపోయే కారణం కాదది. ఎక్కడో ఒక కాగితం మీద సంతకం పడితే ఇక్కడ ఒక భుజం విరిగిన మనిషి మళ్ళీ మూట కట్టుకోవాలి, ఈ రెండింటి మధ్య దారి ఎట్లా ఉందో మా తాలూకాలో ఎవరో ఒకరికైనా తెలిసి ఉండాలి. తెలిస్తే ఆపగలమని కాదు. అది ఆపగలిగేదో కాదో కూడా నాకు తెలియదు.

మళ్ళీ పోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ముందు తిప్పేది వ్యాపారం పేజీ. సిలబస్‌లో లేదన్న ఆ కుర్రాడే ఓ రోజు నా పక్కన కూర్చుని, ఎగుమతి, దిగుమతి, సుంకం మీద ప్రశ్నలు వస్తున్నాయి కాకా, పేపర్లోని ఈ పట్టిక ఎట్లా చూడాలో చెప్పవా అని అడిగాడు. చెప్పాను. అతను నాలుగు అంకెలు రాసుకుని, ఇది చాలు, మార్కు వస్తుంది అన్నాడు. ఆ అంకెల్లో ఒకటి ఆ ఏడాది ఓడల్లో వచ్చిన కందులది. ఆ సంగతి అతనికి చెప్పాలా వద్దా అనుకుంటూ ఉండగానే పేజీ తిప్పేశాడు.

మృగశిర వానలకు అక్క ఒక్కతే వచ్చింది. బరువు మోసి మోసి నల్లబడి, మెడ కొంచెం ముందుకు వంగినట్టుంది. మొగుడు వాచ్‌మన్ పని వదిలితే ఇంకొకరు పట్టుకుంటారని రాలేదు. గిర్నిలో జొన్నల సంచి దించి, కాటా మీద పెట్టి, ఎప్పటిలాగే ముల్లు చూసింది. రాయి తిరుగుతుండగా నా పక్కకు వచ్చి నిలబడి అడిగింది.

"ఈ ఏడు ఏం ఎయ్యమంటవ్ భాయ్?"

నేను బెల్టు జార్చి రాయి ఆపాను. నన్ను మళ్ళీ అడుగుతుందని అనుకోలేదు. బయటి కందులకు గేటు ఏ నెలదాకా తెరిచి ఉందో చెప్పాను. మళ్ళీ పొడిగిస్తారో లేదో ఇక్కడెవరికీ తెలియదని చెప్పాను. మన దేశం కొంటుందన్న ఆశతో బయటి దేశాల్లో కంది ఎక్కువ వేస్తున్నారని చదివానని చెప్పాను. వేసేటప్పుడే వ్యవసాయ ఆఫీసులో పేరు రాయించుకుని, మట్టి పట్టించకుండా కల్లం నుంచి నేరుగా కేంద్రానికి తోలితే అక్కడి ధర వస్తుందని చెప్పాను.

"గింతవరకే నాకు తెలుసు అక్కా. వాన సంగతి, ధర సంగతి తెల్వదు. ఏం ఎయ్యాల్నో నేను చెప్పలేను."

ఆమె కాటా మీది పిండిని వేలితో తుడిచింది.

"పోయినేడు గుడ గింతవరకే చెప్పి ఉంటివంటే సరిపోతుండె" అంది.

అవునన్నాను. ఆమె ఆఫీసులో పేరు ఏ రోజు రాస్తారో, ఏ కాగితాలు కావాలో అడిగింది. సగం చెలకలో కంది, సగంలో జొన్న వేస్తానంది. తిండికన్నా ఉంటది అని ఆమె లెక్క. విత్తి, మొలక చూసి, కలుపుకు తోటికోడలిని మాట్లాడుకుని, పదిహేను రోజుల్లో మళ్ళీ పట్నం పోయింది. పేరు రాయించడానికి కావలసిన కాగితాలు పాలిథిన్ సంచిలో చుట్టి నా దగ్గర పెట్టి పోయింది. రాసుకునే రోజు ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. రోజూ గ్రంథాలయానికి పోయే ముందు ఆఫీసు దాకా పోయి అడిగి వస్తున్నాను.